పట్టా వేరు, ప్రతిభ వేరు: ప్రకాశము పంతులుగారి న్యాయవాద జీవితము

హైదరాబాదునకు తూర్పున నున్న ఉప్పల్, నాచారములు నేడు పేరునకు మాత్రమే పల్లెలు. ఒక ప్రక్క కర్మాగారములు, ఒక ప్రక్క పరిశోధనాలయములు, నడుమ 2017వ సంవత్సరమున నాగోలునుండి నడక ప్రారంభించిన మెట్రో రైలు వెలసినందున, ఒకనాడు ఎకరముల లెక్కను సాగిన భూమి నేడు గజముల లెక్కను అమ్ముడుపోవుచున్నది. మూసీ యొడ్డున నున్న ఉప్పల్ భగాయతు పొలములు మహానగరాభివృద్ధి సంస్థ చేతిలో లేఅవుటుగా మారి 2019లో వేలమునకు వచ్చినవి. ధర పెరిగిన చోట తగవును పెరుగుట లోకసహజము. తాతలనాటి పట్టాకును, తండ్రులనాటి పంపకమునకును, నిన్నటి రిజిస్ట్రేషనుకును నడుమ చిక్కుపడిన గృహస్థు తుదకు కాగితముల కట్ట చంక బెట్టుకొని వకీలు గడప త్రొక్కక తప్పదు.

ఆ గడపపై నొక పలక వ్రేలాడుచుండును. పేరు వెనుక బి.ఎ., ఎల్.ఎల్.బి.; కొందరికి ఎల్.ఎల్.ఎం.; కొందరికి నోటరీ; మరికొందరికి హైకోర్టు అడ్వకేటు. ఈ యక్షరములలో దేని విలువ యెంత? ఏది చదువును దెలుపును? ఏది యధికారమును దెలుపును? సాక్షిని బోనులో నిలిపి నిజమును రాబట్టు నేర్పును దెలుపునది యేది? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. సుమారు నూటయిరువది సంవత్సరములకు పూర్వము ఇదే ప్రశ్న యొక తెలుగు న్యాయవాది జీవితమును మలుపు త్రిప్పినది. ఆయన టంగుటూరి ప్రకాశము పంతులుగారు. ఆంధ్రకేసరి రాజకీయ చరిత్రము మా పాఠకులకు సుపరిచితము. ఆయన న్యాయవాద చరిత్రము అంతగా ప్రచారమున లేదు. వకీలును వెదకుకొను గృహస్థునకు అది మిక్కిలి పనికివచ్చునని తలంచి యిందు సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ప్రకాశము పంతులుగారు 1872వ సంవత్సరము ఆగస్టు 23వ తేదీన ఒంగోలునకు సమీపమున నున్న వినోదరాయునిపాలెమున జన్మించిరి. తండ్రి గోపాలకృష్ణయ్యగారు, తల్లి సుబ్బమ్మగారు. పదునొకండేండ్ల ప్రాయమున తండ్రి గతించెను. ఆ మహాతల్లి ఒంగోలులో పూటకూళ్లయిల్లు నడిపి బిడ్డలను పెంచెను. మిషను పాఠశాలలో ఉపాధ్యాయులుగా నుండిన ఇమ్మనేని హనుమంతరావు నాయుడుగారు ఈ బాలుని చురుకుదనమును గుర్తించి చేరదీసి, తాము రాజమహేంద్రవరమునకు వెళ్లునపుడు వెంట దీసికొనిపోయిరి. నాయుడుగారికి నాటకములపై మక్కువ మెండు. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు ఆ సమాజమునకు నాటకములు రచించియిచ్చుచుండగా, పంతులుగారు స్త్రీ వేషములు ధరించి ప్రేక్షకుల మెప్పు పొందిరి. నిండుసభలో గొంతు వణకకుండ పలుకుట, ఎదుటివాని ముఖము చూచి మనస్సు కనిపెట్టుట అచ్చటనే యలవడినవనిన అతిశయోక్తి గాదు. ఈ రెండు గుణములును తరువాత న్యాయస్థానమున నక్కరకు వచ్చినవి. వీనికి ఏ పరీక్షాధికారియు మార్కులు వేయలేదు.

నాయుడుగారి ప్రోత్సాహముననే పంతులుగారు మద్రాసునకుబోయి న్యాయశాస్త్రము చదివి రెండవ తరగతి ప్లీడరు పరీక్షయందు కృతార్థులైరి. కొంతకాలము ఒంగోలులోను, పిమ్మట రాజమహేంద్రవరములోను వృత్తి సాగించిరి. ఇచట ఆ కాలపు పట్టాల క్రమమును కొంచెము వివరింపవలసియున్నది. 1879వ సంవత్సరపు లీగల్ ప్రాక్టీషనర్ల చట్టము న్యాయవాద వృత్తివారిని పలు తెగలుగా నంగీకరించెను. హైకోర్టునకు అడ్వకేట్లు, వకీళ్లు, అటార్నీలు. క్రింది న్యాయస్థానములకు ప్లీడర్లు, ముక్తారులు. రెవిన్యూ కచ్చేరీలకు రెవిన్యూ ఏజెంట్లు. ప్లీడర్లలో మరల తరగతులు. ఇంగ్లాండునకుబోయి బారిస్టరైన వారు అడ్వకేట్లుగా చేరుచుండిరి. ఇచటి విశ్వవిద్యాలయమున బి.ఎల్. పట్టము పొందినవారు వకీళ్లగుచుండిరి. ప్లీడరు పరీక్ష మాత్రమే ప్యాసైనవారు క్రింది కోర్టులతో తృప్తిపడవలసియుండిరి. కాబట్టి ఆ దినములలో సన్నదు చూచినంతనే ఈయన ఏ గుమ్మము దాటగలడు, ఏ గుమ్మమువద్ద నాగవలెను అను సంగతి గృహస్థునకు తెలియుచుండెను. అంతకు మించి ఆ కాగితము మరేమియు చెప్పుచుండలేదు.

రాజమహేంద్రవరమున పంతులుగారు అనతికాలముననే పేరుపొందిరి. కక్షిదారులు ఇల్లు వెదకుకొని వచ్చుచుండిరి. ముప్పదియొకటవ యేట ఆ పట్టణ మునిసిపల్ అధ్యక్షులుగా నెన్నికగుటయే పౌరులకు వారియందుగల విశ్వాసమునకు తార్కాణము. అయినను ఆ రెండవ తరగతి పట్టా యొక గోడవలె నడ్డు నిలిచెను. తాము పట్టుదలతో నడిపిన కేసు హైకోర్టునకు పోయినపుడు కాగితములు చేతబట్టుకొని మద్రాసునకు పోవలెను. అచట మరియొకరికి కథ యంతయు మొదటినుండి వినిపింపవలెను. ఆ మరియొకరి వాదనను మౌనముగా వినుచు కూర్చుండవలెను. సాక్షులను ప్రశ్నించినవారు, పత్రములను జీర్ణించుకొన్నవారు, ఊరి సంగతి యెరిగినవారు వీరు. నోరు విప్పు అధికారము గలవారు వేరొకరు. ఒకమారు ఇట్టి పనిమీదనే హైకోర్టునకు పోయినపుడు అచటి బారిస్టరొకరు పంతులుగారి న్యాయశాస్త్ర పరిజ్ఞానమును గమనించి, బారిస్టరు పట్టము పొందవలసినదని హితవు చెప్పిరి. ఆ మాట మనస్సున నాటుకొనెను.

1904లో పంతులుగారు ఇంగ్లాండునకు పయనమైరి. సంసారభారము, వృత్తిలోని రాబడి, సముద్రయానముపై బంధువుల యభ్యంతరము, ఇవి యేవియు వారి నాపజాలలేదు. మద్యమాంసములను, ధూమపానమును ముట్టనని తల్లికి మాటయిచ్చి, ఆ మాట నిలుపుకొనిరి. లండనులో బారిస్టరగుట విచిత్రమైన పద్ధతి. ఇన్నులని పిలువబడు నాలుగు ప్రాచీన న్యాయవాద సంఘములలో నొకదానియందు చేరి, నియమించిన టర్ములలో సంఘభోజనములకు హాజరగుచు, పరీక్షలు ప్యాసు కావలెను. సాక్షిని ప్రశ్నించు నేర్పునకు అచట పరీక్ష లేదు. పంతులుగారు ప్రశంసాపత్రముతో ఆ పరీక్షలు ముగించిరి. అచట నున్న దినములలో దాదాభాయి నౌరోజీగారి పార్లమెంటు ఎన్నికకొరకు పనిచేసిరి. 1907లో బారిస్టరై మద్రాసు చేరి హైకోర్టున వృత్తి ప్రారంభించిరి.

మా పాఠకు లిచట నొక్క నిమిషమాగి యోచింపవలెను. 1904లో నౌక యెక్కిన ప్రకాశము పంతులుగారికిని, 1907లో దిగిన ప్రకాశము పంతులుగారికిని భేదమేమి? గ్రంథజ్ఞానము పెరిగియుండును, లోకానుభవము విస్తరించియుండును. అయినను మనుష్యులను చదువు శక్తి, పత్రములోని మెలికను పట్టుకొను దృష్టి, జంకులేని కంఠము రాజమహేంద్రవరముననే యుండెను. మూడేండ్లలో హైకోర్టు దృష్టికి మారినది పట్టా. మొన్నటివరకు మూసియుండిన తలుపు ఆ కాగితముతో తెరచుకొనెను. పట్టా నిష్ప్రయోజనమని మేము చెప్పుటలేదు. తలుపు తెరువనిచో ప్రతిభ వెలుపలనే నిలిచిపోవును. కాని తలుపు తెరచిన తాళముచెవిని చూచి, లోపల పని చక్కబడినదని నమ్మరాదు.

మద్రాసు హైకోర్టున నాడు తెలుగు బారిస్టరులలో పైకివచ్చినవారు బహుస్వల్పము. పేరుమోసినవారు తెల్లవారు, కానిచో తమిళులు. అట్టిచోట పంతులుగారు సివిలు, క్రిమినలు వ్యవహారములు రెంటను నిలద్రొక్కుకొనిరి. లా టైమ్స్ అను న్యాయశాస్త్ర పత్రికకు సంపాదకత్వము వహించి, తీర్పులను శ్రద్ధతో పరిశీలించుచుండిరి. 1911వ సంవత్సరము జూను 17వ తేదీన మణియాచ్చి రైలుస్టేషనులో తిరునెల్వేలి కలెక్టరు ఆష్ కాల్చి చంపబడెను. కాల్చిన వాంచినాథుడు అచ్చటనే ఆత్మహత్య గావించుకొనెను. కుట్ర నేరముపై పదునలుగురు ముద్దాయిలను హైకోర్టు విచారించెను. పాలకుల యాగ్రహము మిన్నుముట్టిన ఆ తరుణమున ముద్దాయిల పక్షమున నిలుచుటయే సాహసము. అట్లు నిలిచినవారిలో పంతులుగా రొకరు. బారిస్టరు పట్టములు గలవారు మద్రాసున నింకను పలువురుండిరి. అట్టి కేసున ముద్దాయికి కావలసిన ధైర్యము పట్టములో వ్రాసియుండునది గాదు.

పట్టాను బట్టి మాత్రమే మనుష్యుని కొలుచువారి కింకొక రెండు దృష్టాంతములు చూపుదుము. సర్ వి. భాష్యము అయ్యంగారుగారు బారిస్టరు గారు, వకీలు మాత్రమే. అయినను మద్రాసు హైకోర్టున వారి మాటకు బారిస్టరులు సైతము చెవియొగ్గుచుండిరి. తాత్కాలికముగా అడ్వకేటు జనరలు పదవి నిర్వహించిన మొదటి భారతీయులు వారే. పిదప న్యాయమూర్తియు నైరి. రెండవ దృష్టాంతము మహాత్మా గాంధీగారిది. 1891లో లండనున బారిస్టరై బొంబాయి చేరిన గాంధీగారు స్మాలుకాజుకోర్టున తమ మొదటి కేసులో ప్రతివాది పక్షమున లేచి, ఎదుటి సాక్షుల నొక్క ప్రశ్నయైన వేయలేక కూర్చుండిపోయిరి. పట్టము పంతులుగారు తరువాత పొందినదియే. సాక్షిని ప్రశ్నించు నలవాటు మాత్రము నాటికింకను కలుగలేదు. అయితే ఆ యువకుడు చేసిన తరువాతి పని గమనింపదగినది. ఈ కేసు నాచేత కాదని కక్షిదారుని మనిషికి చెప్పి, పుచ్చుకొన్న ముప్పది రూపాయల ఫీజు వాపసు తీసికొని వేరొక వకీలును పెట్టుకొమ్మని పంపివేసిరి. తనకు తెలియనిది తెలియదని కక్షిదారునితో చెప్పగల నిజాయితీ ఏ పలకపైనను వ్రాయబడదు. అది గల వకీలు దొరికిన గృహస్థు భాగ్యవంతుడు.

1921లో పంతులుగారు సత్యాగ్రహ ప్రతిజ్ఞపై సంతకము చేసి, రాజభోగముల నిచ్చుచుండిన న్యాయవాద వృత్తిని పరిత్యజించిరి. ఎన్ని యిక్కట్లు పడి, ఎన్ని సముద్రములు దాటి పొందిన పట్టమో, దానిని ప్రక్కనబెట్టుట వారికొక దినపు పని యైనది. ఆర్జించిన ధనమంతయు స్వరాజ్య పత్రికకు ధారపోసిరి. అదే కాలమున, 1922లో, శిక్ష పడినదను కారణమున గాంధీగారి పేరును లండనులోని ఇన్నర్ టెంపుల్ సంఘము బారిస్టరుల పట్టికనుండి తొలగించెను. 1988లో మరల చేర్చెను. ఆ తీసివేతవలన గాంధీగారికి తరుగు లేదు, ఈ చేర్పువలన హెచ్చు లేదు.

వృత్తిని విడిచినను పంతులుగారిలోని న్యాయవాది నశింపలేదు. 1928వ సంవత్సరము ఫిబ్రవరి 3వ తేదీన సైమను కమిషనును నిరసించుచు మద్రాసు వీధిలో తుపాకులకు రొమ్ము జూపిన ఘట్టము లోకవిదితము. 1937లో రెవిన్యూ మంత్రియై జమీందారీ విచారణ సంఘమున కధ్యక్షత వహించినపుడు, రైతుల వాఙ్మూలములను, జమీందారుల వాఙ్మూలములను రెంటిని విని, పాత దస్తావేజులను తరచి చూచి, భూమిపై హక్కు రైతుదేయని తేల్చిన నివేదికను 1938లో సమర్పించిరి. భూమి తగవులయందు నోటిమాటకును, కాగితమునకును గల సంబంధము వారు రాజమహేంద్రవరపు కోర్టులలో నేర్చినదే. 1946లో మద్రాసు రాష్ట్ర ప్రధానిగాను, 1953వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీనుండి ఆంధ్రరాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రిగాను వ్యవహరించిరి.

ఇచట హైదరాబాదు వాసులు తెలిసికొనదగిన సంగతి యొకటి గలదు. పంతులుగారు ముఖ్యమంత్రిగా నుండగానే 1954వ సంవత్సరము జూలై మాసమున ఆంధ్రరాష్ట్రమునకు గుంటూరున హైకోర్టు ఏర్పడెను. 1956 నవంబరున ఆంధ్రప్రదేశ్ అవతరించినపుడు ఆ న్యాయస్థానము హైదరాబాదునకు తరలి మూసీ యొడ్డున నున్న హైకోర్టుతో నేకమయ్యెను. 2019 జనవరి 1వ తేదీనుండి తెలంగాణమునకు ప్రత్యేక హైకోర్టు ఏర్పడినది. ఒకనాడు రెండవ తరగతి పట్టాతో హైకోర్టున నోరు విప్పుటకు వీలులేక కూర్చుండిన వ్యక్తి, కాలక్రమమున తెలుగువారికి తమ హైకోర్టు వచ్చు నాటికి ప్రభుత్వాధినేతగా నుండెను. 1957వ సంవత్సరము మే 20వ తేదీన పంతులుగారు ఈ హైదరాబాదు నగరముననే తనువు చాలించిరి.

పంతులుగారిని మూడేండ్లు పరదేశమునకు పంపిన ఆ తరగతుల మెట్లు నేడు లేవు. 1961వ సంవత్సరపు అడ్వకేట్ల చట్టము ప్లీడరు, వకీలు, బారిస్టరు భేదముల నంతమొందించి అడ్వకేటను నొక్క వర్గమునే నిలిపెను. న్యాయశాస్త్ర పట్టభద్రుడు రాష్ట్ర బారుకౌన్సిలులో పేరు నమోదు చేయించుకొని, 2011నుండి జరుగుచున్న అఖిలభారత బారు పరీక్షయందు నిర్ణీతకాలములో నెగ్గవలెను. అంతట దేశమున నే కోర్టునందైనను వాదింపవచ్చును. కాబట్టి పలకపై హైకోర్టు అడ్వకేటని యున్నంత మాత్రమున అది వేరొక పట్టము గాదు. పేరుపొందిన కొందరిని సుప్రీముకోర్టుగాని, హైకోర్టుగాని సీనియరు అడ్వకేటుగా గౌరవించును. అట్టివారు కక్షిదారునినుండి నేరుగా వకాల్తా పుచ్చుకొనరాదు. మరియొక అడ్వకేటు ద్వారానే వాదనకు రావలెను. సుప్రీముకోర్టులో వ్యవహారము దాఖలు చేయుటకు అడ్వకేట్ ఆన్ రికార్డు అను వేరు పరీక్ష గలదు. నోటరీ యనునది పత్రములను ధ్రువపరచు అధికారము మాత్రమే. వాదనాశక్తికి గుర్తు గాదు. నోటరీ ముద్ర పడినంత మాత్రమున ప్లాటు క్రయము రిజిస్టరైనట్లును గాదు. ఎల్.ఎల్.ఎం. పై చదువును దెలుపును. కోర్టులో గడపిన కాలమును దెలుపదు.

విచారణకోర్టులో ఆరితేరినవాడని ధ్రువపరచు పట్టా మన దేశమున నెవరును ఇచ్చుటలేదు. అమెరికాలో అట్టివి కొన్ని గలవు. టెక్సాసు రాష్ట్రమున 1974లో స్థాపితమైన బోర్డు అయిదేండ్లకు తక్కువగాని వృత్త్యనుభవమును, ఆ శాఖలో నడిపిన కేసులను, తోటి న్యాయవాదుల యభిప్రాయమును విచారించి, పరీక్ష పెట్టి పట్టా యిచ్చును. అయిదేండ్ల కొకసారి తిరిగి పరిశీలించును. అచట స్థిరపడిన మన బిడ్డలకు అది కొంత మార్గము చూపును. ఇచట బారుకౌన్సిలు నియమములు దీనికి భిన్నమైనవి. అడ్వకేటు తన పలకపై తాను ఫలానా శాఖలో ప్రత్యేక నిపుణుడనని వ్రాసికొనరాదు. బారుకౌన్సిలు సభ్యుడనని గాని, పూర్వము న్యాయమూర్తిననిగాని ప్రకటించుకొనరాదు. కావున ఉప్పల్ వీధిలో ఏ పలక భూతగాదాల నిపుణుడనని గట్టిగా చాటుచున్నదో, ఆ పలకయే నియమమును మీరుచున్నదని గృహస్థు గ్రహింపవలెను.

అట్లయిన నేమి చేయవలెను? మొదట, ఆయన పేరు బారుకౌన్సిలు పట్టికలో నున్నదా యని విచారింపుడు. అది కనీసపు గుమ్మము. తరువాత సివిలుకోర్టు నడచునపుడు వెళ్లి వెనుక బల్లపై కూర్చుండి ఆయన సాక్షిని ప్రశ్నించు తీరు చూడుడు. సాధారణముగా విచారణ బహిరంగముగానే జరుగును. మీ కేసును తానే నడపునా, జూనియరుకు అప్పగించునా యని అడుగుడు. మీకు అనుకూలమైన కాగితములే గాక ప్రతికూలమైనవియు తెమ్మని అడుగుచున్నాడో లేదో గమనింపుడు. మొదటి దినముననే గెలుపు ఖాయమని చెప్పువానికి దూరముగా నుండుడు. ఈ జాగ్రత్త మొదటి కోర్టులోనే యేల యనిన, సాక్ష్యము తయారగునది అచ్చటనే. పై కోర్టులో క్రొత్త సాక్ష్యము చేర్చుట కష్టము. రెండవ అప్పీలు ముఖ్యమైన న్యాయశాస్త్ర ప్రశ్నపై తప్ప చెల్లదు. అచట ఎంతటి సీనియరును తెచ్చినను, క్రింది కోర్టులో వేయని ప్రశ్నను సాక్షిచేత చెప్పింపలేడు.

ప్రకాశము పంతులుగారు బారిస్టరు కాకపూర్వమే రాజమహేంద్రవరపు కక్షిదారులు వారిని వెదకుకొని పోయిరి. వారు చూచినది పట్టా తరగతిని గాదు. కోర్టులో ఆయన పనిని. తాతలు సంపాదించిన భూమిని మనుమల కప్పగింపదలచిన ఉప్పల్, నాచారముల గృహస్థులు ఆ గోదావరితీరపు కక్షిదారుల వివేకము నలవరచుకొందురుగాకయని మేము కోరుచున్నాము.